సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో డ్రైయర్ తిరగట్లేదు, గుంయ్‌మని శబ్దం మాత్రం వస్తోంది

కాకినాడ_కోడలు | ఆగస్టు 6, ఉదయం 10:12

అందరికీ నమస్కారం అండీ. మాది ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్ మెషిన్, కొని ఐదేళ్ళు దాటింది. ఉతికే వైపు చక్కగా పనిచేస్తోంది. డ్రైయర్ వైపే నిన్న సాయంత్రం నుంచి తిరగట్లేదు. మూత వేసి టైమరు తిప్పితే లోపల గుంయ్‌మని శబ్దం వస్తుంది, టబ్బు మాత్రం కదలదు. ఒక నిమిషం అలాగే వదిలితే ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది, భయమేసి ప్లగ్గు పీకేశాను. వీధి చివర మెకానిక్‌ని పిలిస్తే మూత తీసి ఒక్కసారి లోపలికి చూసి, వెనక విప్పకుండానే, మోటారు పోయిందమ్మా 2,800 అవుతుంది అన్నాడు. నిజంగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మా అత్తగారు నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నారు. రోజూ రెండు మూడు దుప్పట్లు, పక్కబట్టలు ఉతకాల్సిందే. వారం నుంచి ముసురు, డాబా మీద వేసినవి వేసినట్టే నానిపోతున్నాయి. డ్రైయర్‌లో ఐదు నిమిషాలు తిప్పి హాల్లో ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి ఆరేవి. ఇప్పుడు దుప్పట్లు చేత్తో పిండలేక మణికట్లు వాచిపోయాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

వరంగల్_శీను | ఆగస్టు 6, ఉదయం 10:40

అక్కా, గుంయ్ అంటోంది, తిరగట్లేదు అంటే ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌ని, అంటే మోటారు మొదట తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బాని. మా ఇంట్లో సరిగ్గా ఇదే అయింది పోయిన ఏడాది. ఎలక్ట్రికల్ షాపులో వందో నూటయాభయ్యో ఉంటుంది. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లు (దాని సామర్థ్యం కొలత) అని రాసి ఉందో అదే నంబరు తెచ్చి మార్చండి. మోటారు అని 2,800 మాత్రం ఇచ్చేయకండి.

టూల్_బాక్స్ | ఆగస్టు 6, ఉదయం 11:05

కెపాసిటరా కాదా అని తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. మూత దగ్గర ఉండే స్విచ్‌ని పుల్లతో నొక్కి పట్టుకుని, టైమరు తిప్పి, టబ్బుని చేత్తో ఒక తోపు తోయండి. ఫ్యాను రెక్కని తోస్తే తిరిగినట్టు తిరిగితే కెపాసిటర్ పోయినట్టే.

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 6, ఉదయం 11:20

పైన చెప్పిన పని ఎవరూ చేయొద్దు. దయచేసి చేయొద్దు. ఆ టబ్బు అందుకుంటే నిమిషానికి 1,300 చుట్ల దాకా పోతుంది, లోపల తడిగుడ్డ ఉంటే వేళ్ళకి చుట్టుకుని చెయ్యి మెలితిప్పేస్తుంది. తడి చేతులు, బాత్రూమ్ నేల, లోపల కరెంటు ఉన్న మెషిన్, మూడూ ఒకచోట. మూత తీస్తే ఆగిపోయేలా కంపెనీవాడు ఏర్పాటు చేసింది ఇందుకే. నేను మోటార్లు చుట్టే పనిలో 22 ఏళ్ళుగా ఉన్నాను, ఇలా వేలు పోగొట్టుకున్న మనిషిని స్వయంగా చూశాను.

అమ్మా, మీరు ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. గుంయ్ అంటున్నా తిరగనప్పుడు మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకండి. ఆగిపోయిన మోటారులోకి వెళ్ళే కరెంటంతా వేడి కిందే మారుతుంది, రెండు మూడు నిమిషాలు అలా ఉంటే బాగున్న మోటారు కూడా కాలిపోతుంది. మీకు వచ్చిన వాసన అదే. ఒక్క నిమిషానికే పీకేశారు కాబట్టి బతికి ఉండే అవకాశం ఎక్కువ.

అసలు శబ్దమే రావట్లేదంటే అది వేరే దారి: మూత స్విచ్, టైమరు కాంటాక్టులు, ఎలుక కొరికిన వైరు. మీకు శబ్దం వస్తోంది కనక కరెంటు మోటారు దాకా వెళ్తోంది. ఇక మిగిలినవి మూడే. మోటారు తిరగకుండా ఏదో పట్టుకుని ఉండాలి, కెపాసిటర్ బలం తగ్గి ఉండాలి, లేదా మోటారులో ఒక వైండింగ్, అంటే రాగి తీగ చుట్ట, తెగి ఉండాలి. మెకానిక్ మూడోదాని మీదకి ఒక్క దూకు దూకాడు. ముందు మొదటిది చూడాలి, దానికి ఖర్చేమీ లేదు.

కాకినాడ_కోడలు | ఆగస్టు 6, మధ్యాహ్నం 2:30

చాలా థాంక్స్ అండీ. మా ఆయన షిఫ్టు మీద ఉన్నారు, రాత్రికి గానీ రారు. వరంగల్ తమ్ముడు చెప్పినట్టు కెపాసిటర్ తెప్పించమని చెప్పాను. మా పాతదాని మీద ఏముందో తెలియాలంటే వెనక రేకు విప్పాలి కదా, నాకు స్క్రూలు విప్పడం వచ్చు, ముట్టుకోవచ్చా?

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 6, మధ్యాహ్నం 2:52

ప్లగ్గు పూర్తిగా పీకి, వైరు మీ కళ్ళ ముందు ఉండేలా పెట్టుకుని విప్పండి. స్విచ్ ఆపితే చాలదు, మన ఇళ్ళలో చాలా సాకెట్లలో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉంటాయి, స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉండిపోవచ్చు. కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా కరెంటు నిల్వ ఉండొచ్చు. దాని రెండు కాళ్ళనీ చేత్తో ముట్టుకోకండి. హోల్డరుకి రెండు వైర్లు కట్టిన 100 వాట్ల పాతకాలపు తీగ బల్బు (ఎల్‌ఈడీ కాదు) ఉంటే, వైర్లని ప్లాస్టిక్ తొడుగు దగ్గర పట్టుకుని, ఆ కొసలు కెపాసిటర్ రెండు కాళ్ళకీ కాసేపు ఆనించండి, ఉన్నది ఖాళీ అయిపోతుంది. కొన్ని మెషిన్లలో ఉతికే మోటారుకీ డ్రైయర్ మోటారుకీ కలిపి ఒకే పెట్టెలో ఉంటుంది, మూడు వైర్లు వస్తాయి. ఏ రంగు వైరు ఎక్కడుందో విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

కాకినాడ_కోడలు | ఆగస్టు 7, ఉదయం 9:15

రాత్రి మా ఆయన కొత్త కెపాసిటర్ వేశారు. మాది విడివిడిగా ఉంది, డ్రైయర్‌ది 5 మైక్రోఫారడ్లు. ఏమీ తేడా లేదు. అదే గుంయ్, అదే ఆగడం. రెండు సెకన్లలోనే ఆపేశాం మీరు చెప్పినట్టు. పాతది షాపతను మీటరు పెట్టి చూస్తే 4.8 చూపించిందట, అంటే అది బాగానే ఉన్నట్టా? టెన్షన్‌గా ఉంది. మోటారే పోయిందేమో అని మా ఆయన అంటున్నారు.

వరంగల్_శీను | ఆగస్టు 7, ఉదయం 9:31

అయ్యో అక్కా, మన్నించండి, నా మాట మీద డబ్బు పెట్టించాను. 4.8 అంటే పాతదే బాగుంది. కొత్తది దాచుకోండి, ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 7, ఉదయం 10:05

తమ్ముడి తప్పేం లేదు, గుంయ్ అనగానే నేనూ కెపాసిటర్‌నే గుర్తు చేసుకుంటాను. కానీ నేను చెప్పిన మొదటిది, మోటారుని ఏదైనా పట్టుకుందేమో ప్లగ్గు పీకి చేత్తో తిప్పి చూసే పని, ఇంకా మిగిలే ఉంది కదమ్మా. అది ఇలా చేయండి.

ప్లగ్గు పీకి, వెనక రేకు తీసి, కింద చూడండి. డ్రైయర్ మోటారు పైన గుండ్రటి డిస్కు లాంటిది ఉంటుంది, దాన్నే కప్లింగ్ అంటాం, టబ్బు ఇరుసు దానిలోకే దిగి ఉంటుంది. దాని చుట్టూ పక్కనే చిన్న బ్రేకు ముక్క, ఒక స్ప్రింగు, పైన మూత దాకా వెళ్ళే సన్నటి వైరు కనిపిస్తాయి. మూత వేస్తే ఆ వైరు బ్రేకుని లాగి పట్టుకుంటుంది, టబ్బు వదులవుతుంది. మూత తీస్తే స్ప్రింగు బ్రేకుని మళ్ళీ డిస్కుకి అదుముతుంది, టబ్బు ఆగుతుంది. సైకిల్ బ్రేకుకి తిరగేసిన పద్ధతి అనుకోండి.

ఇప్పుడు మూత వేసే ఉంచి, వెనక నుంచి ఆ డిస్కుని చేత్తో తిప్పండి. సులువుగా ఒకటి రెండు చుట్లు తిరగాలి. తర్వాత ఇంట్లో ఎవరినైనా మూత తీయమని మళ్ళీ తిప్పండి, గట్టిగా పట్టేయాలి. రెండింటికీ తేడా ఎలా ఉందో చెప్పండి. అలాగే టబ్బు పక్కనుంచి కిందకి ఏదైనా గుడ్డ జారిందేమో టార్చి వేసి చూడండి, చేతిరుమాళ్ళు, పిల్లల సాక్సులు దిగిపోవడం మామూలే.

పెద్దాపురం_పద్మ | ఆగస్టు 7, ఉదయం 10:48

ఆ ప్లాస్టిక్ జల్లెడ మూత, బట్టల మీద పెట్టి నొక్కేది, అది పెట్టకుండా తిప్పితేనే చిన్నవి అంచు దాటి కిందకి పడతాయి. మా ఇంట్లో రెండు జేబురుమాళ్ళు, ఒక జాకెట్టు హుక్కుల పట్టీ దొరికాయి ఒకసారి. దుప్పటి ఒక్కటే వేసినప్పుడు కూడా గుండ్రంగా గోడ చుట్టూ పరిచినట్టు వేయాలమ్మా, ఒకవైపు కుక్కితే టబ్బు ఊగి డబడబా కొట్టుకుంటుంది. మీ అత్తగారికి ఎలా ఉంది? పక్కబట్టల కింద రబ్బరు షీటు వేస్తున్నారా? కొంత ఉతుకు తగ్గుతుంది.

కాకినాడ_కోడలు | ఆగస్టు 7, మధ్యాహ్నం 12:20

పద్మ గారూ, రబ్బరు షీటు వేస్తున్నానండీ, అడిగినందుకు సంతోషం. కాస్త కోలుకుంటున్నారు.

తెనాలి బాబాయి గారూ, చూశాను. మూత వేసి ఉన్నా తీసినా ఒకేలా ఉంది! రెండు చేతులతో బలంగా తిప్పితే కరకరమంటూ పావు చుట్టు కదులుతోంది, అంతే. గుడ్డలేమీ లేవు. ఇంకొకటి, డిస్కు చుట్టూ ఇటుకరంగు తుప్పు పొడి రాలి ఉంది, మోటారు నెత్తి మీద తెల్లటి ఉప్పు మరకలు గీతలు గీతలుగా కిందకి కారినట్టు ఉన్నాయి. బ్రేకు ముక్క పట్టుకున్న చిన్న ఇనుప చెయ్యి కదలట్లేదు, వేలితో లాగినా రాలేదు.

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 7, మధ్యాహ్నం 12:45

దొరికింది. ఈ రోజుకి అన్నం ప్రశాంతంగా తినండి.

ఆ చెయ్యి కదిలే కీలు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, వైరు లాగినా బ్రేకు వదలట్లేదు. బ్రేకు వేసిన బండిని రేజు చేస్తే ఇంజను మూలిగినట్టు మీ మోటారు మూలుగుతోంది. కానీ అక్కడితో ఆగొద్దు. ఆ తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడికి నీటి చుక్క రాకూడదు. తెల్ల మరకలు నీళ్ళు కారిన జాడ. టబ్బు ఇరుసు బయటి తొట్టి అడుగున దూరే చోట రబ్బరు సీలు ఉంటుంది, అది చిరిగింది. ఇప్పుడు కీలు ఒక్కటే తుడిచి నూనె వేస్తే తిరుగుతుంది, మీరు సంతోషిస్తారు, రెండు నెలల్లో అదే నీరు ఈసారి మోటారు బేరింగులోకి, వైండింగులోకి దిగుతుంది. అప్పుడు నిజంగానే 2,800.

నిర్ధారణకి ఒక చెంబుడు నీళ్ళు డ్రైయర్ టబ్బులో పోసి వెనక నుంచి టార్చి వేసి చూడండి. ప్లగ్గు పీకే ఉండాలి.

మోటారు మీద అనుమానం కూడా తీరిపోవాలంటే, కప్లింగ్ దగ్గర పని అయ్యేలోపు మీటరుతో ఇది చూడండి. మోటారు నుంచి మూడు వైర్లు వస్తాయి. కెపాసిటర్ నుంచి, లైను నుంచి విడదీసి, రెండేసి చొప్పున మూడు జతలకీ ఓమ్స్ (కరెంటుకి తీగ ఇచ్చే నిరోధం) చూడండి. ఎక్కువ వచ్చిన అంకె మిగతా రెండింటి కూడికకి సమానం కావాలి. అలా వస్తే లోపలి రెండు వైండింగులూ తెగలేదని అర్థం. తర్వాత ఒక్కో వైరుకీ మోటారు ఇనుప ఒంటికీ మధ్య చూడండి, ఏమీ చూపించకూడదు. రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి రంగు చూసి నమ్మొద్దు, అంకెలే చూడండి.

టెక్సాస్_తెలుగు | ఆగస్టు 7, రాత్రి 8:10

మధ్యలో వచ్చినందుకు క్షమించండి, శీర్షిక చూసి ఆగాను. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. ఇక్కడ డ్రైయర్ అంటే విడిగా వేడిగాలితో ఆరబెట్టే మెషిన్. మాది కరెంటుది, గ్యాసుది కాదు. డ్రమ్ము తిరుగుతోంది, గాలి వస్తోంది, వేడి మాత్రం లేదు. గంట తిప్పినా బట్టలు తడిగానే ఉన్నాయి. పాపకి రెండు నెలలు, అమ్మావాళ్ళు ఇండియా నుంచి వచ్చారు, బయట తీగ కట్టి ఆరేద్దామని అమ్మ అంటుంది, మా కమ్యూనిటీ రూల్సు ఒప్పుకోవు. ఎవరికైనా దీని సంగతి తెలుసా?

న్యూజెర్సీ_సూర్యం | ఆగస్టు 7, రాత్రి 9:02

తెలుసు తమ్ముడూ. ముందు ఇంటి కరెంటు ప్యానెల్ దగ్గరికి వెళ్ళి డ్రైయర్ బ్రేకరు చూడు. కరెంటు డ్రైయర్‌కి 240 వోల్టులు, 30 ఆంపియర్ల జంట బ్రేకరు ఉంటుంది. డ్రమ్ము తిప్పే మోటారుకి 120 చాలు, వేడి చేసే కాయిల్‌కి రెండు లైన్లూ కావాలి. జంటలో ఒక సగమే పడిపోతే సరిగ్గా నువ్వు చెప్పినట్టే అవుతుంది: తిరుగుతుంది, వేడెక్కదు. బ్రేకరు ఆన్‌లో ఉన్నట్టే కనిపించవచ్చు, అందుకే పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి మళ్ళీ ఆన్ చెయ్యి.

అది కాకపోతే బయటికి వెళ్ళి గోడకున్న వెంటు, అంటే డ్రైయర్ గాలి గొట్టం బయటికి తెరుచుకునే చోట, చెయ్యి పెట్టు. డ్రైయర్ నడుస్తుండగా రేకు మూత బాగా పైకి లేచి గాలి గట్టిగా తగలాలి. నీరసంగా ఉంటే గొట్టంలో బట్టల నూగు పేరుకుపోయింది. వేడిగాలికి దారి లేక లోపల ఉష్ణోగ్రత పెరిగి థర్మల్ ఫ్యూజు పోతుంది. అది ఒక్కసారికే, మళ్ళీ కలవదు, కొత్తది వేయాల్సిందే. కొన్ని మోడళ్ళలో ఆ ఫ్యూజు పోతే డ్రైయర్ మొదలే కాదు, కొన్నింట్లో వేడి మాత్రమే ఆగుతుంది. యూట్యూబ్‌లో చూసి దాన్ని వైరుతో కలిపేసేవాళ్ళున్నారు, చంటిపిల్ల ఉన్న ఇల్లు, ఆ పని మాత్రం చేయకు. ఈ దేశంలో 2008-2010 మధ్య డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 ఇళ్ళ మంటలు అని అగ్నిమాపక శాఖ లెక్క, అందులో పెద్ద కారణం శుభ్రం చేయకపోవడమే.

టెక్సాస్_తెలుగు | ఆగస్టు 8, ఉదయం 7:30

బ్రేకరు ఆఫ్ చేసి ఆన్ చేశాను, మార్పు లేదు. వెంటు దగ్గర గాలి ఊదినట్టు కూడా రావట్లేదు అన్నా. లింట్ ఫిల్టరు (నూగు పట్టే జాలి) మాత్రం ప్రతిసారీ తీసి శుభ్రం చేస్తాను, అందుకే అటువైపు ఆలోచనే రాలేదు.

న్యూజెర్సీ_సూర్యం | ఆగస్టు 8, ఉదయం 8:15

ఫిల్టరు దాటిపోయేది కూడా చాలా ఉంటుంది. ఇంకొకటి, బట్టలతో పాటు లోపల వేసే డ్రైయర్ షీట్లు వాడతారా? వాటి మైనం ఫిల్టరు జాలికి కంటికి కనిపించని పొరలా అంటుకుంటుంది. కుళాయి కింద పెట్టి చూడు, నీళ్ళు జారిపోకుండా జాలి మీద నిలిస్తే సబ్బు పెట్టి మెత్తని బ్రష్షుతో కడుగు. డ్రైయర్ వెనక మెరిసే రేకు గొట్టం, మడతలు మడతలుగా ఉండేది ఉంటే తీసేసి గట్టి లోహపు గొట్టం వేయించు. మామూలు భవన నిర్మాణ కోడ్ ప్రకారం గొట్టం మొత్తం 35 అడుగులు దాటకూడదు, ఒక్కో తొంభై డిగ్రీల మలుపుని 5 అడుగుల కింద లెక్కేసి అందులోంచి తీసేయాలి. మీ లాండ్రీ గది ఇంటి మధ్యలో ఉంటే ఇదే గొడవ. ప్లగ్గు తీశాకే లోపల ముట్టుకో, 240 వోల్టులు సరదా కాదు.

కాకినాడ_కోడలు | ఆగస్టు 8, సాయంత్రం 5:40

బాబాయి గారూ, చెంబుడు నీళ్ళు పోశాను. ఐదారు సెకన్లకే డిస్కు మీద టప్ టప్‌మని పడ్డాయి, చుక్కలు కాదు, సన్న ధార. మోటారు అంకెలు మా ఆయన చూశారు: 62, 91, 153. కలిపితే సరిపోయింది! ఒంటికి ఏమీ చూపించలేదు. ఆ కాగితం చూపించి మెకానిక్‌ని సీలు మార్చమని అడిగితే, ఇదంతా ఎవరు చెప్పారమ్మా అని ఆశ్చర్యపోయాడు, రేపు వస్తానన్నాడు. సీలు ఎందుకు చిరుగుతుందండీ? ఐదేళ్ళకే పోవాలా?

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 8, సాయంత్రం 6:25

భేష్. అంకెలు అలా వచ్చాయంటే మోటారు చుట్ట బాగుంది.

సీలు రబ్బరే కదమ్మా, ఐదేళ్ళు తక్కువేమీ కాదు. కానీ తొందరగా పోవడానికి కారణాలు ఉంటాయి. మీది బోరు నీళ్ళా? ఉప్పు గడ్డకట్టి ఇరుసు మీద గరుకు కాగితంలా తయారై రబ్బరుని కోస్తుంది. రెండోది, డ్రెయిన్ పైపు ఎక్కడ పెట్టారో చెప్పండి. రెండు వైపులకీ నీళ్ళు పోయే పైపు ఒకటే. అది ఎత్తులో ఉంటే డ్రైయర్ పిండిన నీళ్ళు బయటికి పోకుండా తొట్టి అడుగునే నిలుస్తాయి, సీలు ఎప్పుడూ సబ్బునీళ్ళలో నానుతూ ఉంటుంది, టబ్బు కూడా నీళ్ళని కొట్టుకుంటూ బరువుగా తిరుగుతుంది.

కాకినాడ_కోడలు | ఆగస్టు 8, సాయంత్రం 6:50

బోరు నీళ్ళేనండీ. పైపు... బాత్రూమ్ గడప మీదుగా ఎక్కించి లోపలికి వేశాం. గడప జానెడు ఎత్తు. కొన్న దగ్గర్నుంచీ అలాగే ఉంది, ఎవరూ చెప్పలేదు. డ్రైయర్ అయ్యాక టబ్బు కింద కాసిని నీళ్ళు గలగలమనేవి, మామూలే అనుకున్నాను.

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 8, రాత్రి 7:10

ఆ గలగలే చెప్పింది పాపం, మనకి తెలియలేదు. మెషిన్‌ని రెండు ఇటుకల ఎత్తు మీద, కదలని స్టాండు మీద పెట్టించండి, లేదా గడపకి కింద చిన్న కన్నం వేయించి పైపు నేల మీదే పోయేలా చేయండి.

రేపు మెకానిక్ వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకోండి. కప్లింగ్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, సుత్తితో కొట్టనివ్వొద్దు, తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగమనండి. టబ్బు నిటారుగా పైకి లాగాలి. పాత సీలు కింద పేరుకున్న ఉప్పు, వెంట్రుకలు శుభ్రంగా గీకి, ఇరుసుని సన్న గరుకు కాగితంతో నునుపు చేసి, గ్రీజు పెట్టి కొత్తది వేయాలి. ఇరుసు నునుపు చేయకపోతే కొత్త సీలూ అలాగే తెగుతుంది. బ్రేకు కీలు విప్పి తుడిచి ఒక చుక్క నూనె, ఒక్క చుక్కే, బ్రేకు ముక్కకి తగలకూడదు. బ్రేకు వైరు కొసన ఉన్న పట్టీకి వరసగా కన్నాలుంటాయి, వైరు సాగి ఉంటే ఒక కన్నం ముందుకి తగిలిస్తే సరి. మూత వేసినప్పుడు డిస్కు వేలితో తిరగాలి, తీసినప్పుడు పట్టేయాలి. ఆ రెండూ మీరే చూసుకున్నాకే డబ్బులివ్వండి.

టెక్సాస్_తెలుగు | ఆగస్టు 9, రాత్రి 10:20

సూర్యం అన్నా, గొట్టం విప్పాం. లోపల బూడిదరంగు దూది పరుపులా నిండిపోయింది, నాన్న కర్రతో లాగుతుంటే మూర పొడవు ముక్కలు వచ్చాయి, రెండు చెత్త సంచులు నిండాయి. పైన వెంటు మూతకి ఎవరో దోమల జాలి బిగించారు, ఇల్లు కొన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది, నూగంతా దానికే పట్టింది. అమ్మ పాపని ఎత్తుకుని అది చూసి మాట్లాడలేదు కాసేపు. ఫ్యూజు మీటరుతో చూస్తే తెగిపోయి ఉంది. కొత్తది సోమవారం వస్తుంది.

న్యూజెర్సీ_సూర్యం | ఆగస్టు 9, రాత్రి 10:41

ఆ జాలి వెంటనే తీసేయ్. డ్రైయర్ వెంటుకి జాలి ఉండకూడదు, వెనక్కి గాలి రాకుండా రేకు మూత ఒక్కటే ఉండాలి. గొట్టాలు కలిపేటప్పుడు లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు కూడా వాడొద్దు, నూగు వాటికే చిక్కుకుంటుంది, లోహపు టేపు చుట్టు.

కాకినాడ_కోడలు | ఆగస్టు 10, మధ్యాహ్నం 1:15

తిరిగిందండీ! సీలు, కూలి కలిపి 650 తీసుకున్నాడు. పాత సీలు నా చేతిలో పెట్టాడు, పెదవి ఒకవైపు పూర్తిగా చీలిపోయి ఉంది, మా అత్తగారి తెల్ల వెంట్రుకలు ఉంగరంలా చుట్టుకుని ఉన్నాయి అందులో. బోల్టు దగ్గర సుత్తి తీశాడు, నేను వద్దన్నాను, స్ప్రే కొట్టి టీ తాగేసరికి వదులైంది. డిస్కు తిప్పి చూసుకున్నాకే డబ్బులిచ్చాను. మూత వేసి టైమరు తిప్పితే మునుపటిలా సన్నగా ఈల వేసినట్టు శబ్దం. రెండు దుప్పట్లు తీసి ఫ్యాను కింద వేశాను. గడప పక్కన కన్నానికి మేస్త్రి రేపు వస్తాడు, అందాకా మెషిన్ కింద ఇటుకలు పెట్టాం.

బాబాయి గారూ, ఒక్క సందేహం. బోరు నీళ్ళు మారవు కదా, సీలు మళ్ళీ పోకుండా ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

తెనాలి_వైండింగ్ | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:00

ఉందమ్మా. బట్టలన్నీ అయ్యాక ఖాళీ టబ్బులో ఒక చెంబుడు మంచినీళ్ళు, ఉంటే మునిసిపాలిటీ కుళాయివి, పోసి ఒక నిమిషం తిప్పండి. సబ్బు, ఉప్పు కడుక్కుపోతాయి. తర్వాత మూత తీసి పెట్టండి, ఆరుతుంది. మూడు నెలలకోసారి చెంబు నీళ్ళు పోసి వెనక నుంచి టార్చి వేసి చూడండి. డిస్కు మీద ఒక్క చుక్క కనిపించినా ఇక్కడ రాయండి, నేను రోజూ రాత్రి చూస్తుంటాను. పెద్దావిడని అడిగానని చెప్పండి.